మీకు తెలుసా? రామేశ్వరం నీళ్లలో ఆవులు మేస్తున్నాయి!

2019లో శ్రీలంక తీరాన ఒక వింత అతిథి కనిపించింది. దక్షిణపు ఏనుగు సీల్! అంటార్కిటికా దరిదాపుల్లో, గడ్డకట్టే చలిలో బతకాల్సిన ప్రాణి! మన దేశపు తీరంలో మాత్రం సీళ్లు కాపురం ఉండవు. ఒక్క జాతి కూడా లేదు!

లేకపోతేనేం! మనకు అంతకంటే అపురూపమైన జంతువు ఉంది. పేరు డుగాంగ్. తమిళ జాలర్లు కడల్ పసు అంటారు. సముద్రపు ఆవు! మన కోయంబత్తూరు పోదనూరు నుంచి మదురైలోని చుట్టాలింటికి వెళ్తుంటారు కదా? అక్కణ్ణుంచి ఇంకో 170 కిలోమీటర్లు పోతే రామేశ్వరం. ఆ దీవికి అటూ ఇటూ ఉన్న నీళ్లే ఈ ఆవుల మేతబీళ్లు!

ఇది చేప కాదు సుమా! పిల్లకు పాలిచ్చే జంతువు. మనలాగే గాలి పీల్చుకుంటుంది. బాగా ఎదిగిన డుగాంగ్ 400 కిలోలు తూగుతుంది! అంత ఒళ్లూ గడ్డి తిని పెంచిందే!

దీని చుట్టం ఎవరో చెప్పుకోండి చూద్దాం! తిమింగలమా? కాదు. డాల్ఫినా? అదీ కాదు. ఏనుగు! అవును, మన కోయంబత్తూరు దగ్గరి ఆనైకట్టి అడవుల్లో తిరిగే ఏనుగే! నమ్మకం కుదరలేదా? ఆడ ఏనుగుకు చన్నులు ముందుకాళ్ల మధ్య ఉంటాయి. రెండే రెండు. డుగాంగ్‌కూ అంతే! ముందురెక్కల సందున సరిగ్గా 2!

రోజుకు ఎంత తింటుందో తెలుసా? 30 నుంచి 40 కిలోల సముద్రపు గడ్డి! దాని పేగు పొడవు వింటే నోరు తెరుస్తారు. ఒక్క పెద్దపేగే 25 మీటర్ల దాకా ఉంటుంది!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీన్ని చూడటం మహా కష్టం! ఎందుకంటే నీటి పైన ఉండేది కొన్ని సెకన్లే. ఊపిరి తీసుకుంటుంది, మునిగిపోతుంది. మళ్లీ పైకి రావడానికి 2, 3 నిమిషాలు పడుతుంది. పైకి వచ్చేది మీరు చూస్తున్న చోటే అని నమ్మకం లేదు! రెప్ప వాలిస్తే పోయినట్టే!

ఆ కొన్ని సెకన్లలో ఏం కనపడుతుంది? ముందు ముట్టె. దాని పైభాగాన ముక్కుపుటాలు. నీళ్లపైకి వస్తూనే తెరుచుకుంటాయి. ఫుస్సుమని గాలి వదులుతుంది. పీల్చుకుంటుంది. టక్కున మూసుకుంటాయి! ఆ వెంటనే నున్నటి బూడిదరంగు వీపు. ఆఖర్న తోక, అదీ అదృష్టం ఉంటేనే! డాల్ఫిన్‌తో పొరపాటు పడకుండా ఒక గుట్టు చెప్పనా? డాల్ఫిన్‌కు నెత్తిమీద ఉండేది ఒక్క రంధ్రమే. డుగాంగ్ ముక్కుకు రంధ్రాలు 2!

జంతువు కనపడకపోయినా ఆనవాలు దొరుకుతుంది! గడ్డిని వేళ్లతో సహా పెకలించి తింటుంది కదా, అది మేసిన దారి సముద్రం అడుగున నాగలి చాలులా మిగిలిపోతుంది. వెడల్పు 10 నుంచి 25 సెంటీమీటర్లు. ఆ చాళ్లను చూసి, ఇక్కడ మేత జరుగుతోందని పరిశోధకులు రాసుకుంటారు. ఆవును చూడకుండానే ఆవు లెక్క!

ఇంకోటి వినండి. ఇది కిచకిచమంటుంది! 400 కిలోల జంతువు, పిట్ట గొంతు! ఆ కిచకిచలు 3 నుంచి 18 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయని కొలిచారు. నీళ్లలో మైకు దించి కూర్చుంటే దాని మాటలు పట్టుకోవచ్చన్నమాట!

తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా తీరం వెంట దీవులెన్నో తెలుసా? 21! పేర్లు ఎంత బాగుంటాయో చూడండి. ముయల్ తీవు, మనోలి, కురుసడై, నల్లతణ్ణి, ఉప్పుతణ్ణి, కారియచల్లి! చుట్టూ పగడపు దిబ్బలు. దిబ్బల వెనక పచ్చటి గడ్డి బీళ్లు. వీటిలో రెండు దీవులు ఇప్పటికే నీళ్ల కింద మునిగిపోయాయి!

ఈ దీవులన్నింటినీ కలిపి 1986లో సముద్ర జాతీయ ఉద్యానం చేశారు. విస్తీర్ణం 560 చదరపు కిలోమీటర్లు! పులికి అడవి ఉన్నట్టే సముద్రపు ఆవుకూ ఒక అభయారణ్యం!

అంతకంటే చాలా ముందే ఒక ముచ్చట జరిగింది. 1959లో మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో ఒక డుగాంగ్ జంటను తొట్టిలో పెంచారు! ఒకటి పదేళ్లు దాటి బతికింది! రోజూ గడ్డి తెచ్చి వేయాలి, నీళ్లు మార్చాలి. పదేళ్ల పాటు! ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మన సముద్రాల్లో పాలిచ్చే జంతువులను చూసినవాళ్లు ఎప్పటి నుంచి రాసిపెట్టారో ఊహించండి. యాభై ఏళ్లా? వందేళ్లా? 1748 నుంచి! పాత పుస్తకాలు, వ్యాసాలు, పత్రికలు, రాతలు అన్నీ గాలించి 2017 దాకా లెక్క తీశారు. 270 ఏళ్లకు మొత్తం దొరికిన నమోదులు 1,674 మాత్రమే! తిమింగలాలు, డాల్ఫిన్లు, డుగాంగ్‌లు అన్నీ కలిపి! సగటున ఏడాదికి ఏడు కూడా లేవు! ఒక్క నమోదు ఎంత విలువైనదో ఇప్పుడు అర్థమైందా?

ఆ లెక్కలో గుండె బరువెక్కించే ముక్క కూడా ఉంది. ప్రాణంతో తిరుగుతుండగా చూశామన్నవి 660. వలలు, పడవలు, వేట, ఇలా మనుషుల వల్ల చనిపోయినవి 632! చూసినన్ని చావులు!

తూత్తుకుడి తీరం మరో వింతకు సాక్షి. 1973 జనవరిలో, సరిగ్గా పొంగల్ రోజుల్లో, పైలట్ తిమింగలాల మంద ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఎన్నో తెలుసా? 147! సరే, ఎప్పుడో జరిగిందిలే అనుకుంటున్నారా? 2016లో అదే తీరాన, మళ్లీ జనవరిలోనే, మళ్లీ అదే జాతి తిమింగలాలు! పాత నమోదు లేకపోతే ఈ పోలిక ఎవరికి తట్టేది?

మరి మన దేశంలో డుగాంగ్‌లు ఎన్ని మిగిలాయి? దాదాపు 240 అని అంచనా! అంతే! దేశం మొత్తానికి! గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, అండమాన్ దీవులు, మన రామేశ్వరం నీళ్లు. ఈ మూడు చోట్లే ఉంటాయి. వాటిలోనూ ఎక్కువ భాగం మన పక్కనే, రామేశ్వరానికి ఉత్తరాన ఉన్న పాక్ అఖాతంలోనే!

అందుకే 2022 సెప్టెంబరులో తమిళనాడు ఒక గొప్ప పని చేసింది. తంజావూరు, పుదుక్కోట్టై తీరాల వెంట డుగాంగ్‌ల కోసమే ఒక సంరక్షణ ప్రాంతం ప్రకటించింది. 448 చదరపు కిలోమీటర్లు! దేశంలో డుగాంగ్ పేరుమీద వెలసిన మొట్టమొదటి నెలవు ఇదే!

అక్కడ ఎవరు కాపలా కాస్తున్నారో తెలుసా? జాలర్లే! 2016లో డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా డుగాంగ్‌ల పని చేతికెత్తుకుంది. తీరంలోని మత్స్యకారులను స్వచ్ఛంద కార్యకర్తలుగా చేర్చుకుంది. కనపడితే కబురు చెప్పాలి. ఫొటో దొరికితే మరీ మంచిది! వాళ్ల పిల్లల చదువుకు స్కాలర్‌షిప్ కూడా పెట్టింది. నాన్న సముద్రంలో ఆవును చూస్తే ఇంట్లో పిల్లకు పుస్తకాలు! ఇంతకంటే మంచి పథకం నేను వినలేదు!

ఈ జాలర్ల గొప్పతనం ఇంకా ఉంది. డుగాంగ్ వలలో చిక్కితే నిమిషాల్లో చచ్చిపోతుంది. నీళ్లలో ఉండే జంతువే నీళ్లలో ఊపిరాడక! పైకి వచ్చి గాలి పీల్చుకోలేదు కదా. దాన్ని వదలాలంటే వల కోయాలి. వల అంటే జాలరి ఇంటికి అన్నం! అయినా కోసి వదిలేసినవాళ్లు ఉన్నారు! 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో దీనికి పులితో సమానమైన హోదా ఉంది. చట్టం ఒడ్డున ఉంటుంది. నడిసముద్రంలో కత్తి పట్టుకుని వల కోసేది ఆ మనిషే!

కోయంబత్తూరు వాళ్లు గర్వపడే మాట ఒకటి చెప్తాను. ఆనైకట్టిలో సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రం ఉంది కదా, 1990లో మొదలైంది. అది ఇప్పుడు ఈ డెహ్రాడూన్ సంస్థలోనే కలిసిపోయింది! అంటే సముద్రపు ఆవుల లెక్క రాసే సంస్థకు మన ఊరి పక్కనే ఒక ఇల్లుంది!

చూసింది రాయకపోతే ఏమవుతుంది? చైనా సంగతి వినండి. అక్కడ 788 మంది మత్స్యకారులను అడిగారు. గడిచిన అయిదేళ్లలో డుగాంగ్‌ను చూశామన్నవాళ్లు ముగ్గురు! శాస్త్రవేత్తలైతే 2008 తర్వాత ఒక్కదాన్నీ చూడలేదు. ఇక అక్కడ లేనట్టే అని 2022లో తేల్చేశారు!

ఇంకా ఘోరం ఒకటుంది. డుగాంగ్‌కు ఉత్తరాన ఒక పెద్దన్న ఉండేవాడు. స్టెల్లర్ సముద్రపు ఆవు. దాదాపు 8 మీటర్ల పొడవు! 1741లో బేరింగ్ దీవి దగ్గర గేయోర్గ్ స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చూసి రాశాడు. 1768కల్లా ఒక్కటీ మిగల్లేదు! కనిపెట్టిన 27 ఏళ్లకే కనుమరుగు!

ఇప్పుడు సంతోషం కలిగించే అంకె! 1986లో బహ్రెయిన్ దగ్గర విమానంలోంచి లెక్కపెడుతుంటే ఒకే మంద కనిపించింది. ఎన్ని? 674! మన దేశంలో ఉన్నవాటికి రెండింతల కంటే ఎక్కువ, ఒకే చోట, ఒకే చూపులో!

మరి మొదట్లో చెప్పుకున్న సీళ్ల లెక్క ఎలా తీస్తారంటారా? అంటార్కిటికాలో వెడ్డెల్ సీళ్లను ఉపగ్రహం ఫొటోల్లో వెతికారు! మంచుమీద నల్లటి చుక్కల్లా కనపడతాయి. 3 లక్షల మందికి పైగా మామూలు జనం ఇళ్లలో కూర్చుని ఆ ఫొటోలు జల్లెడ పట్టారు. సీల్ మంచుమీద పడుకుంటుంది కాబట్టి సరిపోయింది. మన ఆవు ఒడ్డెక్కదు! అందుకే మనకు ఉపగ్రహం కంటే పడవమీది కన్నే దిక్కు!

డుగాంగ్ వయసు ఎలా చెప్తారో తెలుసా? దంతం కోసి చూస్తారు. లోపల ఏడాదికో పొర! అలా లెక్కపెడితే ఒకదాని వయసు 73 ఏళ్లని తేలింది! మన తాతల వయసు!

ఈసారి తూత్తుకుడిలోనో రామేశ్వరంలోనో పడవ ఎక్కితే, కనపడితే, 5 సంగతులు రాసుకోండి. తేదీ, వేళ, చోటు, ఎన్ని ఉన్నాయి, పక్కన పిల్ల ఉందా? ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని అటవీశాఖకు కబురు చెప్పండి. పడవను మాత్రం దగ్గరికి పోనివ్వకండి! ఆ అయిదో సంగతి, పక్కన పిల్ల ఉందా అన్నది, అస్సలు మరిచిపోకండి! తల్లి డుగాంగ్ ఏడాదికి మించి కడుపున మోస్తుంది. కనేది ఒక్క పిల్లనే. మళ్లీ ఇంకో పిల్లను కనాలంటే 3 నుంచి 7 ఏళ్లు పడుతుంది!