పది నిమిషాల కోసం కట్టిన సంఘం

1918లో మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు అడిగిన వాటిలో ఒకటి, మధ్యాహ్న భోజనానికి మరో పది నిమిషాలు. అప్పటిదాకా ఇచ్చేది అరగంట. ఆ అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, తినాలి, మళ్లీ మిషను దగ్గర నిలబడాలి. ఆనాటి ఫ్యాక్టరీ చట్టం మగవాళ్లతో రోజుకు పన్నెండు గంటలు పని చేయించుకోనిచ్చేది. నేను స్పిన్నింగ్ మిల్లు వైండింగ్ సెక్షన్లో పనిచేసినదాన్ని. షిఫ్టు మధ్యలో క్యారేజీ విప్పి గబగబా మింగిన అన్నం ఒంటికి పట్టదు. ఆ పది నిమిషాలు చిన్న కోరికంటే నేనొప్పుకోను.

కార్మికుల కష్టాలు విన్న స్థానిక వ్యాపారులు చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు వెళ్లి అనీబిసెంట్ అనుచరుడు బి.పి.వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. సభ్యత్వం, చందా, లెక్కలతో పద్ధతిగా నడిచిన తొలి సంఘాల్లో అదొకటి.

1920లో గొడవ ముదిరింది, లాకౌట్ పడింది. మిల్లుల్ని నడిపే బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కింది. కార్మికులు పని ఒప్పందం తప్పేలా వాడియా ప్రేరేపించారని, నష్టపరిహారం ఇప్పించాలని దావా. కోర్టు ఆయనను కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చివరికి ఆయన యూనియన్‌ను వదులుకుంటేనే కంపెనీ దావా వెనక్కి తీసుకుంది.

మా సంఘానికి నేను కోశాధికారిగా ఉన్నాను. రసీదు పుస్తకాలు, చందా డబ్బుల డబ్బా నా దగ్గరే ఉండేవి. అందుకే ఈ దావా ఎంత ప్రమాదమో నాకు బాగా అర్థమవుతుంది. పని ఆపమన్న పాపానికి మిల్లు నష్టమంతా కట్టాల్సివస్తే రూపాయి రూపాయి కూడబెట్టిన చందా ఏ మూలకు? నాయకుడి ఇల్లు కూడా జప్తు అవుతుంది. ఇక సమ్మె అనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

1921లో పెరంబూరులో మళ్లీ పెద్ద సమ్మె. నెలల తరబడి సాగింది, ఓడిపోయింది. కులం కార్మికుల్ని చీల్చింది. ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలోకి వెళ్లారు, పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. తరతరాలుగా దూరం పెట్టినవాళ్లకు సమ్మె రోజున మాత్రం ఐక్యత గుర్తుచేస్తే ఎలా నమ్ముతారు? ఆ తప్పు వాళ్లది కాదు.

వాడియా మీద దావా మాత్రం దేశాన్ని కదిలించింది. కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషి 1921లోనే కేంద్ర శాసనసభలో సంఘాలకు రక్షణ కోరారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది, మరుసటి ఏడాది జూన్ 1 నుంచి అమలైంది. ఆ చట్టం ప్రకారం అప్పట్లో ఏడుగురు కలిసి సంతకం చేస్తే సంఘాన్ని రిజిస్టరు చేయించుకోగలిగేవారు. కార్మిక వివాదంలో పని ఒప్పందం తప్పమని ప్రేరేపించారన్న ఒక్క కారణంతో రిజిస్టరైన సంఘం మీద, నాయకుల మీద సివిల్ దావా చెల్లదు. ఈ రెండో మాట పెరంబూరు ఓటమిలోంచి వచ్చింది.

2001 సవరణతో ఏడుగురు చాలరన్నారు: సంస్థలో పదోవంతు లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసివ్వాలి. ఇవ్వకపోతే అది చట్టవిరుద్ధం, కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా పడొచ్చు, నెల దాకా జైలూ ఉండొచ్చు. కొత్తగా సంఘంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే: నోటీసు ఇచ్చినప్పుడు మీ కాపీ మీద యాజమాన్యం ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు గుమ్మం దాటకండి.