మరుగుదొడ్డిలో ట్రాప్ పగిలితే...

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేదిలో నల్లరేగడి నేలలు విస్తారం. లింగసుగూరు తాలూకా పల్లెలకు ఈ నేల గుణం చెప్పనక్కరలేదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తుంది. తేమను పట్టి ఉంచి పైరును కాపాడే ఈ మట్టే ఇంటి గచ్చుకు కీడు చేస్తుంది. మరుగుదొడ్డి బేసిన్ కింద మట్టి కుంగితే పైన గచ్చు బీటలు వారుతుంది, అడుగున ట్రాప్ అతుకు విడిపోతుంది.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ పథకం కింద, 12,000 రూపాయల ప్రోత్సాహకంతో పల్లెల్లో ఎన్నో మరుగుదొడ్లు వెలిశాయి. తొలినాళ్లలో కట్టినవాటికి పదేళ్లు నిండాయి. పగిలినదాన్ని బాగుచేయక తలుపు మూసేస్తే ఇంటిల్లిపాదీ మళ్లీ చెంబు పట్టుకొని బయలుకు పోవలసిందే. ఆడవారు చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. వృద్ధులకు, గర్భిణులకు వానాకాలంలో పాముల భయం సరేసరి.

ట్రాప్ చేసే పని

బేసిన్ కింద వంకర తిరిగిన గొట్టమే ట్రాప్. పల్లెల్లో వాడేది ఎక్కువగా ‘పి ట్రాప్’. ఈ మాట తెలుగు మేస్త్రీకైనా కన్నడ మేస్త్రీకైనా ఒకటే. ఆ వంపులో ఎప్పుడూ కొద్దిగా నీరు నిలిచి ఉంటుంది. రెండు గుంతల మరుగుదొడ్లలో ఈ నీటి అడ్డు సుమారు 20 మిల్లీమీటర్లు ఉండాలి. గుంతలోని దుర్వాసనను, ఈగలను, దోమలను ఆపేది అదే. ట్రాప్ పగిలితే నీరు జారిపోయి ఆ అడ్డు తొలగుతుంది. మురుగు మట్టిలోకి ఇంకి, దగ్గరలోని బోరు నీటిని కలుషితం చేసే ప్రమాదమూ ఉంది.

పగులు ఎక్కడ?

గచ్చు తవ్వే ముందు ఈ పరీక్ష చేయండి. బేసిన్‌ను శుభ్రంగా కడిగి, రెండు లీటర్ల నీరు పోసి, ట్రాప్‌లో నీరు నిలిచిన చోట గుర్తు పెట్టండి. నాలుగైదు గంటలు ఎవరూ వాడకూడదు. నీటిమట్టం బాగా తగ్గితే ట్రాప్ పగిలినట్టే. మట్టం తగ్గకుండా, నీరు పోసిన ప్రతిసారీ చుట్టూ గచ్చు చెమ్మగిల్లితే బేసిన్‌లోనో, బేసిన్‌కూ ట్రాప్‌కూ మధ్య అతుకులోనో లోపం ఉంది. బేసిన్ అంచు చుట్టూ మాత్రమే సందు కనిపిస్తే, పాత సిమెంటు గీకి, తడిపి, తెల్ల సిమెంటుతో పూడిస్తే సరిపోతుంది.

మార్చే విధానం

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. పింగాణీ పెంకులు కత్తిలా కోస్తాయి కనుక పిల్లలను దూరంగా ఉంచండి. ట్రాప్‌లోని నీరు తోడేసి, బేసిన్ చుట్టూ గచ్చును ఉలితో నెమ్మదిగా తొలచి, బేసిన్‌ను, ట్రాప్‌ను పైకి తీయండి. గుంతకు పోయే గొట్టంలో మట్టి పడకుండా తాడు కట్టిన గుడ్డ కుక్కండి. కొత్త ట్రాప్ బిగించే ముందు దాన్ని తీయడం మరవవద్దు.

అడుగున ఉన్న మెత్తని రేగడిని జానెడు లోతు తీసివేసి, మొరం పోసి, గట్టిగా దిమ్మిస కొట్టండి. దానిపై పలుచగా కాంక్రీటు పరచండి. ఈ పని వదిలేస్తే కొత్త ట్రాప్‌కూ పాతదాని గతే పడుతుంది. రసమట్టం చూసి ట్రాప్‌ను నిలిపి, సిమెంటు పాలలో ముంచిన జనపనారను అతుకు చుట్టూ కూరి, సిమెంటు, ఇసుక సమపాళ్లలో కలిపి పూయండి.

అతుకు గట్టిపడ్డాక, గచ్చు మూయకముందే రెండు లీటర్ల నీరు పోసి చూడండి. నీరు సాఫీగా పోవాలి, వంపులో నీరు నిలవాలి, అతుకు బయట తడి కనిపించకూడదు. అప్పుడే ఇటుక ముక్కలతో నింపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపి, బేసిన్ వైపు వాలు ఉండేలా గచ్చు చేయండి. మూడు రోజులు కాలు పెట్టకుండా, ఏడు రోజులు తడి గోతాం కప్పి ఉంచండి.

బేసిన్ కూడా మార్చవలసి వస్తే 25 నుంచి 28 డిగ్రీల ఏటవాలు ఉన్న గ్రామీణ బేసిన్‌నే అడగండి. ఒకటిన్నర, రెండు లీటర్లతోనే శుభ్రపడుతుంది. నీళ్లు బిందెలతో మోసుకొనే ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

చేయకూడనివి

వాసన వస్తోందని యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ కలిపి పోయవద్దు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. ఖర్చు తగ్గుతుందని ట్రాప్ లేకుండా గొట్టాన్ని నేరుగా బేసిన్‌కు కలపవద్దు. గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దించవద్దు. లోపలి విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. రెండు గుంతలుంటే, నిండినదాన్ని మూసి రెండో దానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలేయాలి.

ఈ పనికి వేసవి అనుకూలం. వాన పడి రేగడి ఉబ్బకముందే పరీక్ష చేసుకొని, మేస్త్రీని పిలవండి. ఆ నాలుగు రోజులకు పొరుగింటి మరుగుదొడ్డి వాడుకొనే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి.