ఒక్క చెట్టు మీద నాలుగు మామిడి రకాలు: ఎందుకు కట్టాలె, ఎట్లా నిలబెట్టాలె

మామిడి కోతలు అయిపోవస్తున్నాయంటే మా అచ్చంపేట చుట్టుపక్కల రైతులు నన్ను అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "నర్సరీల బేనిషాన్ అని ఇచ్చిండ్రు, చెట్టుకు పన్నెండేళ్లు వచ్చినయ్, కాయ చూస్తే వేరే రకం. పీకెయ్యాల్నా?" రెండోది: "మా తాతల నాటి ఆవకాయ మామిడి ఎండిపోతుంది. టెంక పెడితే అదే కాయ వస్తదా?"

రెండింటికీ జవాబు ఒక్కటే. చెట్టును పీకొద్దు, టెంకను నమ్ముకోవద్దు. అంటు కట్టండి. పెద్ద చెట్టు కొమ్మలు కొట్టి, వచ్చిన చిగుళ్ల మీద వేరే రకాన్ని కట్టే ఈ పద్ధతిని టాప్ వర్కింగ్ అంటారు. పాత వేర్లు అట్లనే ఉంటాయి కాబట్టి రెండు మూడేళ్లలో కొత్త రకం కాపుకు వస్తది. పైన వీడియోలో కట్టు కట్టేది నెమ్మదిగా చూపించాను. ఎందుకు అట్లా చేయాలన్నది ఇక్కడ రాస్తున్నాను.

టెంక ఎందుకు పనికిరాదు

మన మామిడి రకాల్లో ఎక్కువ వాటికి టెంకలో ఒక్క పిండమే ఉంటది. తల్లి చెట్టు పువ్వు, ఇంకో చెట్టు పుప్పొడి కలిస్తే పుట్టిన బిడ్డ అది. తల్లిని పోలవచ్చు, పోలకపోవచ్చు. అందుకే బేనిషాన్ టెంక నాటితే బేనిషాన్ రాదు. మీ తాత నాటిన పులుపు కాయ, పీచు కాయ ఏదైనా సరే, ప్రపంచంలో అసలు చెట్టు అదొక్కటే. అది పడిపోతే ఆ రుచి పోయినట్టే. ఆ చెట్టు కొమ్మను ఇంకో చెట్టు మీద బతికించుకోవడమే దారి.

వేరు ఒకరిది, కాయ ఇంకొకరిది

బెరడుకు, కట్టెకు మధ్య జారుడుగా ఒక సన్నటి పచ్చ పొర ఉంటది. చెట్టు లావెక్కేది ఆ పొరతోనే. రెండు కొమ్మల పచ్చ పొరలు ఒకదానికొకటి ఆని ఉంటే, కొన్ని వారాల్లో అతుక్కొని నీళ్లు పైకి పోయే దారి ఏర్పడతది. వేర్లు నీళ్లు, లవణాలు పంపిస్తాయి. కానీ కొమ్మ కణాలు వాటి సొంత గుణం మార్చుకోవు. పులుపు చెట్టు మీద హిమాయత్ కడితే హిమాయత్ కాయే వస్తది, పులుపు ఎక్కదు. వేరు ప్రభావం ఎక్కువగా చెట్టు ఎత్తు మీద, జోరు మీద, కరువు తట్టుకోవడం మీద కనిపిస్తది.

ఉత్తరప్రదేశ్‌లోని మలీహాబాద్‌లో కలీముల్లా ఖాన్ గారు ఒకే మామిడి చెట్టు మీద 300కు పైగా రకాలు కట్టారు. 2008లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో శామ్ వాన్ ఏకెన్ అనే కళా ఆచార్యుడు ఒక్క చెట్టు మీద 40 రకాల పండ్లు తెచ్చాడు. కానీ అవన్నీ పీచ్, ప్లమ్, ఆప్రికాట్ లాంటి దగ్గరి చుట్టాలే. చుట్టరికం లేకపోతే అంటు నిలవదు. వేప మీద మామిడి కడతామని ఎవరైనా చెబితే డబ్బులు ఇవ్వకండి.

ఎన్ని రకాలు కట్టాలె

అమ్మకం తోటకు, ఇంటి చెట్టుకు లెక్క వేరు. వ్యాపారికి ఒకే రకం, ఒకే సైజు లాట్ కావాలి. కాబట్టి అమ్మకం తోటలో చెట్టుకు ఒక్క రకమే మేలు. కాకపోతే అక్కడక్కడ ఒక చెట్టు మీద ఒక కొమ్మ వేరే రకం ఉంటే పరాగ సంపర్కానికి పనికొస్తది. దసేరి లాంటి రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయవు.

ఇంటి దగ్గరి చెట్టు మీద మాత్రం మూడు నాలుగు రకాలు కట్టుకోవచ్చు. ముందుగా వచ్చే బేనిషాన్, తర్వాత హిమాయత్, చివరికి నీలం, పక్కన ఒక ఆవకాయ రకం. ఒక్క చెట్టే ఎండాకాలం మొదలు నుంచి వానలు పడేదాకా ఇంటికి కాయ ఇస్తది.

పని వరుస

1. కోత అయినంక, జూన్‌లో, ఎంచుకున్న కొమ్మలను కొట్టండి. అన్నీ ఒకేసారి కొట్టొద్దు. కనీసం ఒకటి రెండు పాత కొమ్మలు ఆకుతో ఉంచండి. అవే వేర్లకు తిండి పెడతాయి, మొదలు మీద నీడ పడతది. మిగతావి వచ్చే ఏడు.

2. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్న తోటల్లో రాగి మందుకు పరిమితులు ఉంటాయి, ముందు మీ సర్టిఫికేషన్ వాళ్లను అడగండి. వద్దనుకుంటే ఆవు పేడ, పుట్టమన్ను ముద్ద పూయొచ్చు. వానకు కడిగిపోతే మళ్లీ పూయాలె.

3. సుమారు రెండు నెలల్లో చిగుళ్లు గుంపుగా వస్తాయి. కొమ్మకు రెండు మూడు బలమైనవి ఉంచి మిగతావి తీసేయండి.

4. కట్టబోయే పుల్ల మూడు నాలుగు నెలల వయసుది, పెన్సిల్ లావుది, పూత రానిది కావాలి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆకు కోసేసి కాడ మాత్రం ఉంచండి. మొన మొగ్గ ఉబ్బుతది. పూత గుత్తులు గడ్డకట్టి వికారంగా ఉండే చెట్టు నుంచి పుల్ల తేవద్దు. అది బూజు జబ్బు, అంటుతో పాటే వస్తది.

5. పుల్ల కింది భాగాన్ని 4-5 సెంటీమీటర్లు మేకులాగ రెండు వైపులా చెక్కి, చిగురు చీలికలో దించండి. లావు తేడా ఉంటే ఒక పక్క అయినా పచ్చ పొరలు కలవాలె. పాలిథిన్ పట్టీతో గట్టిగా చుట్టి, పైన సన్నటి కవర్ తొడగండి. గాలిలో తేమ ఉన్న ఆగస్టులో కడితే బాగా పట్టుతది.

6. రెండు మూడు వారాల్లో మొగ్గ విచ్చుకుంటది. అప్పుడు కవర్ తీయండి. పట్టీ మాత్రం రెండు మూడు నెలల తర్వాతే.

చెట్టును ఎవరు గెలుస్తారు?

అసలు కష్టం కట్టినంకనే. అంటు కింద నుంచి వచ్చే పాత రకం చిగుళ్లను వారం వారం గిల్లకపోతే, అవే నీళ్లన్నీ తాగి కొత్త కొమ్మను ఎండగొడతాయి. రకాల మధ్య కూడా పోటీ ఉంటది. నిలువు కొమ్మ సహజంగానే జోరుగా పెరుగుతది. కాబట్టి పొట్టిగా పెరిగే నీలం, ఆమ్రపాలి లాంటివి పైకి, ఎండ తగిలే నిలువు కొమ్మల మీద కట్టండి. బాగా విస్తరించే బేనిషాన్‌ను పక్క కొమ్మకు ఇవ్వండి. జోరు చేసేదాన్ని ఏటా కోత తర్వాత కత్తిరించండి. లేకపోతే అయిదారేళ్లకు మళ్లీ ఒక్క రకమే మిగులుతది.

ఎండాకాలం మన దగ్గర ఎండకు బెరడు పగులుతది, మొదలుకు సున్నం కొట్టండి. జీవామృతం మామూలుగా ఇచ్చినట్టే ఇవ్వండి. ప్రతి కొమ్మకు అల్యూమినియం రేకు మీద రకం పేరు గీసి వేలాడదీయండి, నోటుబుక్కులో కూడా రాయండి. పేరు పోయిన కొమ్మ పుల్ల ఎవరికీ ఇవ్వలేం.

ఊరికొక తల్లిచెట్టు

సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలో చాలా మామిడి రకాలు భద్రంగా ఉన్నాయి. కానీ మీ ఊరి చెలక గట్టు మీది నాటు చెట్టు అక్కడ ఉంటదన్న నమ్మకం లేదు. ఊరికి ఒక రైతు, తన ఒక చెట్టు మీద, ఊరి నాలుగు మంచి నాటు రకాలు కట్టుకుంటే అదే పుల్లల బ్యాంకు. ఏటా కత్తిరింపులో వచ్చే పుల్లలే పదిమందికి సరిపోతాయి. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతులు కాపాడిన రకాన్ని తమ పేరు మీద నమోదు చేసుకునే హక్కు కూడా ఉంది.

ఈ కోతలు అయ్యేలోపు ఒక పని చేయండి. మీ ఊర్లో రోడ్డుకో, ప్లాటుకో, కట్టెకో పోయే నాటు మామిడి ఏదో పెద్దవాళ్లను అడగండి. ఈసారి కాయ తిని చూసి, నచ్చితే చెట్టాయన అనుమతితో మంచి కొమ్మకు గుర్తు కట్టండి. ఆగస్టులో పుల్ల కోయడానికి పోయేసరికి ఏ కొమ్మో వెతుక్కోవాల్సిన పని ఉండదు.