ఆఫలీ హర్లింగ్‌: నాలుగుసార్లు చాంపియన్‌.. మూడో అంచెకు పడిపోయినా జట్టును వదలని ఊళ్లు.. అసలేంటి ఈ కథ?

ఐర్లండ్‌ మధ్యలో ఓ చిన్న కౌంటీ ఉంది. పేరు ఆఫలీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేది దాదాపు 83 వేల మంది.. అంటే మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. కానీ ఆ దేశపు సంప్రదాయ క్రీడ హర్లింగ్‌లో ఈ కౌంటీ 1981 నుంచి 1998 మధ్య నాలుగుసార్లు ఆల్‌ ఐర్లండ్‌ చాంపియన్‌గా నిలిచింది. ఆ తర్వాత మెల్లగా జారుతూ వచ్చి 2019లో ఏకంగా మూడో అంచెకు పడిపోయింది. మరి ఇంత పతనం చూశాక కూడా అభిమానులు ఎందుకు నిలబడ్డారు? జట్టు మళ్లీ ఎలా లేచింది? ఇప్పుడు దాని ముందున్న అసలు పరీక్ష ఏంటి?

హర్లింగ్‌ అంటే ఏంటి?

చూడ్డానికి హాకీలా ఉంటుంది కానీ హాకీ కాదు. జట్టుకు 15 మంది. చేతిలో చివర వెడల్పుగా ఉండే కర్ర. దాన్ని హర్లీ అంటారు. బంతి పేరు స్లిటర్‌. బంతిని నేల మీదే కాదు, గాల్లో కూడా కొట్టొచ్చు. చేత్తో పట్టుకోవచ్చు. కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. ఇంగ్లిష్‌ హెచ్‌ అక్షరంలా ఉండే గోల్‌పోస్టుల్లో అడ్డకర్ర పైనుంచి వెళ్తే ఒక పాయింట్‌, కింద నుంచి వలలో పడితే గోల్‌. గోల్‌ విలువ మూడు పాయింట్లు. అందుకే స్కోరు 2-16 అని రాస్తారు. అంటే రెండు గోల్స్‌, 16 పాయింట్లు.. మొత్తం 22 అన్నమాట. సీనియర్‌ కౌంటీ మ్యాచ్‌ 70 నిమిషాలు సాగుతుంది. మహిళలు ఆడే రూపాన్ని కమోగీ అంటారు. ఈ ఆటను 2018లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

వేలం లేదు.. జీతం లేదు

ఐపీఎల్‌ చూసే మనకు ఇక్కడే అసలు తేడా కనిపిస్తుంది. హర్లింగ్‌ను నడిపే గేలిక్‌ అథ్లెటిక్‌ అసోసియేషన్‌ 1884లో పుట్టింది. ఇప్పటికీ అది అమెచ్యూర్‌ సంస్థే. 82 వేల మంది పట్టే డబ్లిన్‌లోని క్రోక్‌ పార్క్‌లో ఫైనల్‌ ఆడే కుర్రాడు కూడా సోమవారం పొద్దున్నే ఉద్యోగానికో, కాలేజీకో, పొలానికో వెళ్లాల్సిందే.

ఆటగాళ్లను కొనడం ఉండదు. ఎవరైనా సాధారణంగా తాను పెరిగిన ఊరి క్లబ్‌కి, ఆ కౌంటీకే ఆడతాడు. జట్టు ఓడిపోతోందని పక్క కౌంటీ నుంచి స్టార్‌ను తెచ్చుకునే దారి లేదు. అభిమానికీ అంతే. ఐపీఎల్‌లో ఈ ఏడాది ఒక జట్టు, వచ్చే ఏడాది ఇంకో జట్టు అనుకోవచ్చు. ఇక్కడ కుదరదు. మైదానంలో ఆడేది పక్కింటి అబ్బాయి, బడిలో పాఠం చెప్పే మాస్టారు, తనతో చదువుకున్న స్నేహితుడు. వాళ్లు ఓడిపోయారని వదిలేసి ఎక్కడికి పోతారు?

1980 దాకా ఖాళీ చేతులే

విచిత్రం ఏంటంటే, చరిత్రలో మొట్టమొదటి ఆల్‌ ఐర్లండ్‌ హర్లింగ్‌ ఫైనల్‌ జరిగింది ఆఫలీ కౌంటీలోని బర్‌ పట్టణంలోనే. 1888 ఏప్రిల్‌ 1న జరిగిన ఆ మ్యాచ్‌లో తలపడింది మాత్రం టిప్పరరీ, గాల్వే జట్లు. ఆతిథ్యం ఇచ్చిన ఆఫలీకి తొలి లెన్‌స్టర్‌ ప్రావిన్స్‌ టైటిల్‌ రావడానికి 1980 వరకు ఆగాల్సి వచ్చింది. అదీ దిగ్గజ జట్టు కిల్కెన్నీని ఓడించి మరీ సాధించింది. కిల్కెన్నీ అంటే 36 ఆల్‌ ఐర్లండ్‌ టైటిళ్ల జట్టు.

ఆ మరుసటి ఏడాదే, 1981లో, ఆఫలీ తొలిసారి దేశ చాంపియన్‌ అయింది. 1985లో మళ్లీ గెలిచింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడించింది పొరుగు కౌంటీ గాల్వేనే.

ఐదు నిమిషాల్లో తారుమారు

1994 ఫైనల్‌ గురించి ఐర్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రత్యర్థి లిమరిక్‌. ఆట ముగియడానికి దాదాపు ఐదు నిమిషాలు ఉండగా లిమరిక్‌ ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అప్పుడు జానీ డూలీ ఫ్రీ హిట్‌ను నేరుగా వలలోకి కొట్టాడు. కాసేపట్లోనే పాట్‌ ఓకానర్‌ మరో గోల్‌. వెంటనే వరుస పాయింట్లు. ఐదు నిమిషాల్లో రెండు గోల్స్‌, ఐదు పాయింట్లు! తుది స్కోరు 3-16, 2-13. ఓడిపోవాల్సిన జట్టు ఆరు పాయింట్ల తేడాతో గెలిచింది. అందుకే దాన్ని ఐదు నిమిషాల ఫైనల్‌ అంటారు.

1998: మైదానంలో కూర్చుండిపోయిన అభిమానులు

అభిమానులు జట్టును ఏ స్థాయిలో మోస్తారో తెలియాలంటే 1998 చూడాలి. ఆ ఏడాది లెన్‌స్టర్‌ ఫైనల్లో కిల్కెన్నీ చేతిలో ఆఫలీ ఓడింది. మేనేజర్‌ బాబ్స్‌ కీటింగ్‌ సొంత ఆటగాళ్లనే గొర్రెల గుంపుతో పోల్చాడు. పెద్ద దుమారం రేగింది. కొద్ది రోజుల్లోనే ఆయన తప్పుకున్నాడు. మైకేల్‌ బాండ్‌ బాధ్యతలు తీసుకున్నాడు.

ప్రావిన్స్‌ ఫైనల్లో ఓడిన జట్లకు అప్పట్లో కొత్తగా రెండో అవకాశం ఇచ్చారు. దాంతో ఆఫలీ సెమీస్‌ చేరింది. క్లేర్‌తో మొదటి మ్యాచ్‌ డ్రా. రీప్లేలో క్లేర్‌ మూడు పాయింట్లు ముందున్నప్పుడు రిఫరీ పొరపాటున టైమ్‌ కంటే ముందే ఫైనల్‌ విజిల్‌ ఊదేశాడు. ఇంకా రెండు నిమిషాలకు పైగా ఆట మిగిలే ఉంది. అంతే.. ఆఫలీ అభిమానులు వేలాదిగా క్రోక్‌ పార్క్‌ మైదానంలోకి దిగి గడ్డి మీద కూర్చుండిపోయారు. కదల్లేదు. ఆ తర్వాత అక్కడ జరగాల్సిన ఇంకో మ్యాచ్‌ కూడా ఆగిపోయింది. చివరికి అధికారులు మూడోసారి మ్యాచ్‌ పెట్టారు. థర్లెస్‌ పట్టణంలో జరిగిన ఆ పోరులో ఆఫలీ గెలిచింది.

ఫైనల్లో ఎదురుపడింది మళ్లీ కిల్కెన్నీ. స్టార్‌ డిఫెండర్‌ బ్రియాన్‌ వీలహన్‌ ఫ్లూతో బాధపడుతూనే బరిలోకి దిగాడు. మ్యాచ్‌ మధ్యలో అతన్ని ముందుకు పంపిస్తే ఒక గోల్‌, ఆరు పాయింట్లు కొట్టాడు. ఆఫలీ 2-16, కిల్కెన్నీ 1-13. ప్రావిన్స్‌లో ఓడి, రెండో అవకాశంతో వచ్చి ఆల్‌ ఐర్లండ్‌ గెలిచిన తొలి జట్టుగా ఆఫలీ రికార్డులకెక్కింది.

తర్వాత ఏమైంది?

2000లో మరోసారి ఫైనల్‌ చేరింది. కిల్కెన్నీ చేతిలో చిత్తయింది. ఆ తర్వాత ఇప్పటివరకు సీనియర్‌ ఫైనల్‌ ముఖం చూడలేదు.

కారణం లెక్కల్లోనే ఉంది. 1986, 1987, 1989లో ఆఫలీ మైనర్‌ జట్లు ఆల్‌ ఐర్లండ్‌ టైటిళ్లు గెలిచాయి. ఆ కుర్రాళ్లే పెరిగి పెద్దయ్యి 1994, 1998 కప్పులు తెచ్చారు. 1989 తర్వాత మైనర్‌ టైటిల్‌ మళ్లీ రాలేదు. బయటి నుంచి ఆటగాడిని తెచ్చుకునే వీల్లేని చోట, కింద నుంచి ప్రతిభ రావడం ఆగిపోతే పైన జట్టు ఎండిపోతుంది. పైగా ఉన్న జనాభా కూడా మొత్తం హర్లింగ్‌ది కాదు. కౌంటీ దక్షిణాన బర్‌, కూల్డెరీ, బనహర్‌ లాంటి ఊళ్లు హర్లింగ్‌ ఆడితే.. ఉత్తరం, తూర్పు వైపు ఊళ్లలో గేలిక్‌ ఫుట్‌బాల్‌దే హవా. అదే కార్క్‌ కౌంటీ తీసుకుంటే జనాభా 5.8 లక్షలు. పోటీ ఎవరెవరి మధ్యో చూడండి!

హర్లింగ్‌లో మొత్తం ఐదు అంచెల చాంపియన్‌షిప్‌లు ఉన్నాయి. 2018లో ఆఫలీ పై అంచె నుంచి రెండో అంచె అయిన జో మెక్‌డొనా కప్‌కి పడింది. 2019లో అక్కడా చివరి స్థానమే. దాంతో మూడో అంచె క్రిస్టీ రింగ్‌ కప్‌కి దిగింది. 2020లో అక్కడ కూడా సెమీస్‌లో డౌన్‌ జట్టు చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది. నాలుగుసార్లు చాంపియన్‌కి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

పొరుగువాళ్లతోనే అసలు గొడవ

ఓటమి కంటే ఎక్కువ మండించేది పక్క కౌంటీ వాళ్ల మాటలు. ఆఫలీ చుట్టూ మ్యాప్‌ చూస్తే విషయం అర్థమవుతుంది. పశ్చిమాన షానన్‌ నది. బనహర్‌ దగ్గర వంతెన దాటితే గాల్వే. బర్‌ నుంచి కాస్త దూరం పోతే టిప్పరరీ. తూర్పున స్లీవ్‌ బ్లూమ్‌ కొండల అవతల లీష్‌ కౌంటీ. పెళ్లిళ్లు, ఉద్యోగాలు, సంతలు అన్నీ సరిహద్దులు దాటే జరుగుతాయి. మ్యాచ్‌ ఆదివారంతో అయిపోతుంది కానీ ఎత్తిపొడుపులు వారమంతా ఉంటాయి.

లీష్‌తో పోటీ మరీ ప్రత్యేకం. 2019లో ఆఫలీ జో మెక్‌డొనా కప్‌ నుంచి కిందికి పడిపోతే, అదే కప్పు గెలిచి పైకి వెళ్లింది లీష్‌. 2024లో కథ తిరగబడింది. అదే కప్పు ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు. గెలిచినవాళ్లు పై అంచెకు, ఓడినవాళ్లు అక్కడే. ఈసారి గెలిచింది ఆఫలీ. పెద్ద జట్లతో ఆడే మ్యాచ్‌లకు టీవీ కెమెరాలు ఎక్కువ వస్తాయేమో కానీ, ఇలాంటి పొరుగు పోరులో పణంగా ఉండేది ఏడాది పాటు తలెత్తుకు తిరిగే హక్కు.

అయితే పోటీ అంటే శత్రుత్వం కాదు. మూడో అంచెలో పడ్డప్పుడు జట్టును లేపడానికి ఆఫలీ పిలిచింది ఎవర్నో తెలుసా? పాత ప్రత్యర్థి కిల్కెన్నీ మాజీ స్టార్‌ మైకేల్‌ ఫెన్నెల్లీని. ఆయన మేనేజర్‌గా ఉండగానే 2021లో క్రిస్టీ రింగ్‌ కప్‌ ఫైనల్లో డెర్రీపై ఏకంగా 41 పాయింట్లు కొట్టి ఆఫలీ గెలిచింది.

మళ్లీ కుర్రాళ్లే దిక్కు

లేవడం మొదలైంది పాత దారిలోనే. 2022లో ఆఫలీ మైనర్‌ జట్టు ఆల్‌ ఐర్లండ్‌ ఫైనల్‌ చేరింది. టిప్పరరీ చేతిలో ఒక్క పాయింట్‌ తేడాతో ఓడింది. 2023లో అండర్‌ 20 ఫైనల్లో కార్క్‌ చేతిలో ఓటమి. అదే ఏడాది సీనియర్లు జో మెక్‌డొనా ఫైనల్లో కార్లో చేతిలో త్రుటిలో ఓడారు. రెండేళ్లలో మూడు ఫైనల్స్‌, మూడూ ఓటములే.

2024లో మాత్రం అన్నీ కలిసొచ్చాయి. ఆడమ్‌ స్క్రీనీ లాంటి కుర్రాళ్లతో నిండిన అండర్‌ 20 జట్టు ఫైనల్లో టిప్పరరీని ఓడించింది. అండర్‌ 21 రోజుల నుంచి చూసుకున్నా ఈ వయసు విభాగంలో ఆఫలీకి ఇదే తొలి ఆల్‌ ఐర్లండ్‌ టైటిల్‌. అదే వేసవిలో సీనియర్లు లీష్‌ను ఓడించి పై అంచెకు చేరారు.

ఇప్పుడు పరీక్ష ఏంటి?

గెలవడం ఒక ఎత్తు, నిలబడటం ఇంకో ఎత్తు. లెన్‌స్టర్‌ చాంపియన్‌షిప్‌లో ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఆడతాయి. చివరి స్థానంలో ఉన్న జట్టు కిందికి దిగిపోతుంది. 2025లో ఆ వేటు ఆంట్రిమ్‌పై పడింది. ఆఫలీ గట్టెక్కింది. చిన్న కౌంటీకి ప్రతి వేసవీ ఇదే టెన్షన్‌. కిల్కెన్నీ, గాల్వే టైటిల్‌ కోసం ఆడితే, ఆఫలీ ముందు ఉనికి కోసం ఆడాలి. ఎందుకంటే పై అంచెలో ఆడితేనే అండర్‌ 20 హీరోలు పెద్ద జట్ల మీద రాటుదేలుతారు. మళ్లీ కిందపడితే ఈ తరం కూడా చేజారిపోయే ప్రమాదం ఉంది.

ఎదురుచూపులు ఫలించిన ఉదాహరణలు ఈ ఆటలో లేకపోలేదు. క్లేర్‌ 1914 తర్వాత మళ్లీ కప్పు ఎత్తడానికి 1995 దాకా.. అంటే 81 ఏళ్లు ఆగింది. ఆ ఫైనల్లో క్లేర్‌ ఓడించింది ఆఫలీనే. 1994లో ఐదు నిమిషాల్లో కప్పు పోగొట్టుకున్న లిమరిక్‌ 2018లో 45 ఏళ్ల కరువు తీర్చుకుని, ఆ తర్వాత వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. వాటర్‌ఫర్డ్‌ మాత్రం 1959 నుంచి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఆకుపచ్చ, తెలుపు, బంగారు రంగుల జెర్సీ వేసుకునే ఆఫలీకి ఫెయిత్‌ఫుల్‌ కౌంటీ అనే పేరుంది. అంటే నమ్మకం వీడని కౌంటీ. జట్టు మూడో అంచెలో ఆడుతున్నప్పుడు కూడా పిల్లల్ని హర్లీ కర్రలతో ట్రైనింగ్‌కి తీసుకెళ్లిన తల్లిదండ్రులు, వాళ్లకు ఉచితంగా కోచింగ్‌ ఇచ్చిన ఊరి క్లబ్బులు లేకపోతే 2024 వచ్చేదే కాదు. ఆటగాళ్లను కొనుక్కోలేని చోట ఓడిన జట్టును బతికించే మార్గం అదొక్కటే.