అంగడిలో లెక్కలు, అట్టల మీద పాఠాలు

మదనపల్లె: కాయగూరలు తూచి, చిల్లర సరిగా ఇస్తే లెక్కలు వచ్చినట్లే! మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం 1980లలో రూపొందించిన పల్లె బడుల పద్ధతి ఇది. ‘మెట్రిక్ మేళా’ నాడు పిల్లలే అంగళ్లు పెడతారు. కొనేది ఊరివాళ్లే. ఊరి కథలు, పాటలు, బొమ్మలాటలు, చుట్టూ ఉన్న చెట్టూచేమా అన్నీ పాఠాలే.

ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కూర్చుంటారు. పాఠాలు చిన్న చిన్న అట్టలపై ఉంటాయి. ఒకటి వచ్చాకే మరొకటి. చెనక్కాయలు పెరికే పనులకు పోయి పది రోజులు బడికి రాని పిల్లవాడు, తిరిగొచ్చి తాను ఆపిన అట్ట నుంచే మొదలుపెడతాడు. వెనకబడ్డానన్న సిగ్గుతో చదువు మానుకోనక్కరలేదు. ఒక్కరే అయ్యవారున్న ఊళ్లకు ఈ పద్ధతి పెద్ద ఆసరా.