వార్తల్లో పదం: ఐజీఎఫ్-1

నాడీ వ్యాధుల మందుల గురించిన వార్తల్లో కనిపించే ఐజీఎఫ్-1 అంటే ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకం. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటే ఇందులో 70 ఉంటాయి. నిర్మాణంలో రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. రక్తంలోని ఐజీఎఫ్-1 చాలావరకు గ్రోత్ హార్మోన్ ప్రేరణతో కాలేయంలో తయారవుతుంది. మెదడులోనూ కొంత పుడుతుంది. నాడీకణం పైపొర మీది గ్రాహకాన్ని ఇది తాకగానే లోపల వరుసగా సంకేతాలు కదులుతాయి. దాంతో కణం చావును తప్పించుకుని, కొత్త ప్రొటీన్లు తయారు చేసుకుని, పొరుగు కణాల వైపు కొమ్మలు చాస్తుంది. ప్రయోగశాలలో పెంచిన నాడీకణాల్లో ఇన్సులిన్ కూడా ఇలాగే పనిచేసింది. కాబట్టి ఈ కుటుంబాన్ని చక్కెర లెక్కకే పరిమితం చేయడం సరికాదు.

అలాగైతే దీన్నే మందుగా ఇవ్వవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ కండరాలను నడిపే నాడులు క్షీణించే ఏఎల్ఎస్ వ్యాధిలో ఐజీఎఫ్-1 ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి, ప్రయోజనం కనబడలేదు. పైగా వృద్ధి సంకేతం నాడికీ కణితికీ తేడా చూడదు. రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది. అయినా ఆ దారి మూసుకుపోలేదు. 2023 మార్చిలో రెట్ సిండ్రోమ్ అనే అరుదైన నాడీ వ్యాధికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన ట్రోఫినెటైడ్ అనే మందుకు మూలం ఐజీఎఫ్-1 కొసనున్న మూడు అమైనో ఆమ్లాల ముక్కే. నాడుల జబ్బులు మనకు దూరపు విషయమూ కాదు: మధుమేహం పాదాల నాడులను దెబ్బతీయడం మన ఇళ్లలో కొత్త కాదు. అందుకే ఈ పదం తెలియాలి, దీన్ని సర్వరోగ నివారిణిగా మాత్రం నమ్మకూడదు.