పడవ మోటారుకు జ్వరం: నిదానం, చికిత్స

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు, వీధులలో పడవలు తిరిగిన దృశ్యం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరదలో మనుషులను చేరవేసే రబ్బరు పడవకైనా, వేటకు వెళ్ళే ఫైబర్ పడవకైనా వెనుక తగిలించిన మోటారు నడినీటిలో ఆగిపోతే కలిగే ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు. ఆ మోటారు ఆగడానికి గల కారణాలలో ముఖ్యమైనది అది మితిమీరి వేడెక్కడం. ఆ వేడి ఎందుకు పుడుతుంది, దానిని ఎలా కనిపెట్టాలి, ఎలా సరిచేయాలి అన్నదే ఈ వ్యాసంలో మేము వివరించదలచిన విషయం.

పడవ వెనుక చెక్కకు బిగించి, అవసరమైతే విప్పి తీసుకుపోగల ఈ యంత్రాన్ని అవుట్‌బోర్డు మోటారు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో దీనిని అమ్మకానికి తెచ్చి ప్రసిద్ధం చేశాడు. పైన ఇంజను, కింద నీటిలో తిరిగే పంకా, రెంటినీ కలుపుతూ నిలువుగా ఒక ఇరుసు. ఇదీ దాని స్వరూపం. మోటారు కారుకు రేడియేటరు ఉన్నది. అవుట్‌బోర్డు మోటార్లలో అధిక భాగానికి ఏటి నీరు, సముద్రపు నీరే రేడియేటరు. ఆ నీరు లోపలికి వచ్చి, వేడిని తీసుకొని, తిరిగి బయటకు పోవాలి. కనుక మోటారు వేడెక్కినప్పుడు ఇంజను విప్పడానికి తొందరపడక, ముందుగా నీరు నడిచే దారిని మొదటి నుండి చివరి వరకు పరీక్షించాలి. నిదానానికి మూలసూత్రం ఇదే.

ఆ దారి ఎట్టిది? పంకాకు కొంచెం పైగా, మోటారు కింది భాగంలో జల్లెడవంటి రంధ్రాలు ఉంటాయి. నీరు అక్కడ ప్రవేశిస్తుంది. దానికి పైన పంపు ఉంటుంది. పంపులో రబ్బరు రెక్కలు గల చిన్న చక్రం ఇరుసుతో పాటు తిరుగుతుంది. దీనిని ఇంపెల్లర్ అంటారు. అది నీటిని గొట్టం గుండా పైకి నెట్టగా, సిలిండర్ల చుట్టూ ఉన్న కాలువలలో ప్రవహించి, పొగతో పాటు నీరు కిందికి దిగిపోతుంది. మధ్యలో థర్మోస్టాట్ అనే ద్వారపాలకుడు ఉన్నాడు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ఆ ద్వారం మూసి ఉండి, తగినంత వేడి పుట్టగానే తెరుచుకుంటుంది. చాలా అవుట్‌బోర్డు మోటార్లలో ఇది 50-60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో తెరుచుకుంటుంది. కారులో కంటె ఇది బాగా తక్కువ. నీరు మరీ వేడెక్కితే అందులోని లవణాలు కాలువల గోడలకు పేరుకుంటాయి కాబట్టి ఈ ఏర్పాటు.

మోటారు వెనుకగాని పక్కనగాని సన్నని రంధ్రం నుండి ఒక నీటి ధార నిరంతరం పడుతూ ఉంటుంది. పంపు పనిచేస్తున్నదని చెప్పే ఈ ధారను మనము సాక్షిధార అని పిలుచుకుందాము. హకీము ముందుగా నాడి పట్టి చూచినట్లు, పడవ నడిపేవాడు మోటారు మొదలుపెట్టగానే దీనిని చూడాలి. అయితే సాక్షి చెప్పినదంతా తుది తీర్పు కాదు. ధార ఆగినంత మాత్రాన పంపు చెడినదని అనలేము. ఆ సన్నని రంధ్రంలోనే ఇసుక అడ్డుపడి ఉండవచ్చు. ధార పడుతున్నంత మాత్రాన అంతా క్షేమమనీ అనలేము. చాలా మోటార్లలో ఆ నీరు థర్మోస్టాట్ దాకా పోకముందే వేరుపడి బయటకు వస్తుంది.

నడినీటిలో హెచ్చరిక బూర మోగినా, ధార ఆగినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వేగం తగ్గించి ఇంజను ఆపాలి. పడవ కొట్టుకుపోకుండా లంగరు వేయాలి. తరువాత మోటారును పైకెత్తి నీరు ప్రవేశించే రంధ్రాలను చూడాలి. వరద నీటిలోనైతే ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క వేళ్ళు అక్కడ చుట్టుకోవడం సహజం. వాటిని తొలగించి, సాక్షిధార రంధ్రంలో సన్నని తీగను మెల్లగా ఆడించాలి. కాలుతున్న ఇంజనుపై చన్నీళ్ళు కుమ్మరించరాదు. ఆకస్మికంగా చల్లబడిన లోహం పగిలే ప్రమాదమున్నది. ఇంజను బాగా చల్లారాక తిరిగి నడిపి, ధార సక్రమంగా వస్తే నెమ్మదిగా ఒడ్డు చేరుకోవాలి.

ఒడ్డున జరిపే పరీక్షకు లక్షణాలే దారి చూపుతాయి. తక్కువ వేగంలో ధార బలహీనంగా ఉండి, వేగం పెంచితే పుంజుకున్నచో ఇంపెల్లర్ అరిగినదని అనుమానించాలి. నెమ్మదిగా తిరిగేటప్పుడు రెక్కలు పంపు గోడను ఒరసుకుంటేనే నీరు పైకి లేస్తుంది. మోటారు కింది భాగం విప్పి చూచినప్పుడు రెక్కలు వంగి బిగుసుకొనిపోయినా, చీలినా కొత్తది వేయాలి. ఏదైనా రెక్క తెగిపోయి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెదకాలి. లేనిచో అది పై కాలువలో అడ్డుపడి, కొత్త ఇంపెల్లర్ వేసిన తరువాత కూడా జ్వరం తిరగబెడుతుంది.

ధార బలంగానే ఉండి ఇంజను తల కాలిపోతున్నచో థర్మోస్టాట్‌ను విప్పి, దారంతో గిన్నె నీటిలో వేలాడదీసి, పొయ్యిపై నీటిని వేడిచేస్తూ థర్మామీటరుతో చూడాలి. దానిపై గుర్తించిన వేడి వద్ద తెరుచుకోకపోతే మార్చాలి. అది బాగున్నచో లవణం పేరుకున్న కాలువలను శుభ్రపరచాలి. స్పార్క్ ప్లగ్గు విప్పినప్పుడు నీటి తడి కనిపిస్తే సిలిండరు తలకింది గ్యాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. ఇది అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయవలసిన పని.

నీటి దారి అంతా నిర్దోషమైనప్పుడే ఇతర కారణాలు వెదకాలి. టూస్ట్రోక్ మోటారులో పెట్రోలుకు నూనె తగ్గితే రాపిడి పెరిగి వేడి పుడుతుంది. 50 పాళ్ళకు 1 పాలు చొప్పున కలపవలసిన మోటారులో 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల నూనె పడాలి. కార్బురేటరులో మురికి చేరి ఇంధనం సరిగా అందకపోయినా ఇంజను వేడెక్కుతుంది.

నివారణ చికిత్సకంటె సులభం. ఉప్పునీటి నుండి, బురదనీటి నుండి వచ్చిన మోటారు కాలువలను ప్రతిసారీ మంచినీటితో కడగాలి. నీరు లేకుండా మోటారును క్షణకాలమైనా నడపరాదు. నీటి చెమ్మయే ఇంపెల్లర్‌కు కందెన, అది లేనిదే రబ్బరు కాలిపోతుంది. ఒడ్డున పరీక్షించేటప్పుడు నీరు నిండిన డ్రమ్ములో మోటారును నిలపాలి. ఇంపెల్లర్ అరగకపోయినా, తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి. వరద సహాయానికి ఉంచిన పడవల విషయంలో ఇది మరింత అవసరం. నెలల తరబడి కదలకుండా ఉన్న మోటారులో రబ్బరు రెక్కలు వంగిన చోటనే బిగుసుకొనిపోతాయి. వరద వచ్చిన రోజున ఆ సంగతి తెలిస్తే ప్రయోజనం లేదు.

జ్వరం రోగం కాదు, రోగలక్షణం. దానిని చూచి భయపడి యంత్రాన్ని ముక్కలుగా విప్పేవాడు, బూర మోగినా లెక్కచేయక నడిపేవాడు, ఇద్దరూ నష్టపోతారు. తేలికగా చూడగలిగిన దానితో మొదలుపెట్టి, ఒక్కొక్క కారణాన్ని తోసిపుచ్చుతూ పోవడమే సరైన పద్ధతి. తీరగ్రామాల నుండి వచ్చిన మన విద్యార్థులు ఈ సంగతులను తమ ఇళ్ళలో పెద్దలతో ముచ్చటించి, రేపటి వేటకు ముందు ఒక్కసారి ఆ సన్నని ధార వంక చూస్తే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.